పైకి కనబడని నెత్తురు

1998 ఫిబ్రవరి 20. ఢాకా నగరంలోని బంగబంధు స్టేడియంలో అబాహనీ, మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్ల మధ్య క్రికెట్ పోటీ జరుగుతోంది. భారతదేశం తరఫున 4 టెస్టులు, 32 వన్డేలు ఆడిన రమణ్ లాంబా ఆనాడు అబాహనీ పక్షాన ఆడుతున్నారు. ఓవరులో ఇంకా మూడు బంతులే మిగిలి ఉండగా ఆయన బ్యాట్స్‌మన్‌కు బారెడు దూరంలో, ఫార్వర్డ్ షార్ట్ లెగ్ స్థానంలో నిలబడ్డారు. హెల్మెట్ తెప్పించుకోమంటే మూడు బంతుల కోసం అవసరం లేదన్నారు.

మెహ్రాబ్ హొస్సేన్ బలంగా కొట్టిన బంతి లాంబా తలకు తగిలి, వెనుకకు ఎగిరి, వికెట్ కీపర్ చేతుల్లో పడింది. బ్యాట్స్‌మన్ అవుటయ్యాడు. కింద పడిన లాంబా లేచి, తన కాళ్ల మీద తానే నడిచి డ్రెస్సింగ్ రూముకు చేరుకున్నారు. చూసేవారికి ప్రమాదమేదో తప్పిపోయినట్లే ఉంది. కొద్దిసేపటిలో ఆయన పరిస్థితి విషమించింది. ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేశారు. ఢిల్లీ నుంచి నిపుణుణ్ణి రప్పించారు. అయినా ఫలితం లేకపోయింది. ఫిబ్రవరి 23న, 38వ ఏట, లాంబా కన్నుమూశారు. పుర్రె లోపల కారిన నెత్తురు ఆయన ప్రాణం తీసింది.

తలకు దెబ్బ తగిలిన మనిషి లేచి కూర్చుంటాడు. మంచినీళ్లడుగుతాడు. చుట్టూ మూగినవారితో, ఏమీ ఫరవాలేదు, ఇక ఎవరి పనులు వారు చూసుకోండని చెబుతాడు. గంటో రెండు గంటలో గడిచాక తలనొప్పి అంటాడు, వాంతి చేసుకుంటాడు, కాసేపు పడుకుంటానంటాడు. ఆ పడుకోవడమే ఆఖరుది కావచ్చు. ఈ దృశ్యం మన రహదారుల పక్కన, పొలం గట్ల మీద, ఇళ్ల మెట్ల కింద నిత్యం జరిగేదే. మనిషి బాగానే ఉన్నట్లు కనబడే ఆ కొద్ది వ్యవధిలో పుర్రె లోపల ఏం జరుగుతుంది?

మూసిన పెట్టె

చేయి వాస్తే చర్మం సాగుతుంది. కడుపులో నెత్తురు కారితే పొట్ట ఉబ్బుతుంది. పుర్రెకు అటువంటి వెసులుబాటు లేదు. పెద్దవారిలో అది అన్ని వైపులా మూసుకుపోయిన ఎముక పెట్టె. అందులో సుమారు 80 శాతం మెదడు, 10 శాతం రక్తం, 10 శాతం మస్తిష్కమేరుద్రవమనే నీరు నిండి ఉంటాయి. ఖాళీ అంటూ లేదు. కొత్తగా ఏది వచ్చి చేరినా ఉన్నవాటిలో ఏదో ఒకటి చోటివ్వవలసిందే. ఈ సూత్రాన్ని ఎడిన్‌బరో ఆచార్యుడు అలెగ్జాండర్ మన్రో 1783లో ప్రతిపాదించగా, లీత్ పట్టణ వైద్యుడు జార్జి కెల్లీ 1824లో బలపరిచాడు. రెండు వందల ఏళ్లు గడిచినా దాని సారం నిలిచే ఉంది.

నెత్తురు కారడం మొదలైనప్పుడు ముందుగా నీరు తప్పుకుంటుంది. మెదడు చుట్టూ ఉన్న ద్రవం వెన్నుపాము వైపు జారుకుంటుంది. సిరలలోని రక్తం మెడకు దిగిపోతుంది. ఈ సర్దుబాటు సాగినంతసేపు లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు, మనిషి మామూలుగానే మాట్లాడతాడు. తప్పుకోవలసిన ద్రవమంతా తప్పుకున్న తరువాత మాత్రం ఒక్కొక్క చెంచా నెత్తురుకూ ఒత్తిడి అమాంతంగా ఎగబాకుతుంది. మెదడు పక్కకు ఒరుగుతుంది. కిందికి, పుర్రె అడుగున ఉన్న సందులోకి నొక్కుకుపోతుంది. దారిలో కంటిపాపను నడిపే నరం నలుగుతుంది కనుక ఆ వైపు పాప పెద్దదై, వెలుతురు పడినా కదలదు. చివరకు ఊపిరిని, గుండెను నడిపే మెదడు కాండం నలుగుతుంది.

కాబట్టి వైద్యుడు తెలుసుకోవలసిన సంగతులు ముఖ్యంగా రెండు: నెత్తురు ఏ అరలో కారింది, ఎంత వేగంగా కారింది. మెదడును మూడు పొరలు కప్పి ఉంటాయి. ఎముకకు ఆనుకొని ఉండే గట్టి పొర వరాశిక. దాని లోపల సాలెగూడులాంటి లౌతికళ. మెదడును అంటిపెట్టుకొని ఉండే పలుచని పొర మృద్వి. ఎముకకూ వరాశికకూ నడుమ కారితే ఒక జబ్బు, వరాశిక కింద కారితే మరొకటి, లౌతికళ కింద కారితే ఇంకొకటి. మెదడు కండలోనే కారితే అది వేరే కథ. చికిత్స కూడా అరను బట్టి మారిపోతుంది.

కణత మీది బీట

కంటికీ చెవికీ మధ్య, కణత దగ్గర పుర్రె ఎముక చాలా పలుచన. సరిగ్గా అక్కడే, ఎముక లోపలివైపు గాడిలో, వరాశికకు రక్తం అందించే ఒక ధమని సాగుతుంది. కర్ర దెబ్బకో, బంతి దెబ్బకో, మోటారు సైకిలు మీద నుంచి పడినప్పుడో ఆ పలుచని ఎముక బీటవారితే కింద ఉన్న ధమని చిరుగుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చిమ్మే నెత్తురు వరాశికను ఎముక నుంచి ఒలిచివేస్తూ గడ్డకడుతుంది. దీనినే వైద్యులు ఎపిడ్యూరల్ రక్తస్రావం అంటారు. ఇది ఎక్కువగా యువకుల జబ్బు. వయసు మళ్లినవారిలో వరాశిక ఎముకకు గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది కనుక అంత సులభంగా ఊడిరాదు.

దెబ్బకు ఒక్క క్షణం స్పృహ తప్పి, తిరిగి తెలివి వచ్చి, కొంతసేపు బాగుండి, మళ్లీ మగతలోకి జారిపోవడం ఈ రకం రక్తస్రావానికి పేరుపడిన నడక. అందరిలోనూ అది కనబడదు. కనబడినవారిలో మాత్రం చుట్టూ ఉన్నవారిని నిలువునా మోసగిస్తుంది. 2009 మార్చి 16న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో నటీమణి నతాషా రిచర్డ్‌సన్ మంచు మీద జారే ఆట నేర్చుకుంటూ, కొత్తవారి కోసం ఉద్దేశించిన చిన్న వాలు మీద పడిపోయారు. హెల్మెట్ లేదు. పైకి గాయం లేదు. నవ్వుతూ మాట్లాడారు. వచ్చిన అంబులెన్సు తిరిగి వెళ్లిపోయింది. సుమారు గంట తరువాత తలనొప్పి ఆరంభమైంది. రెండు రోజులకు, 45 ఏళ్ల వయసులో ఆమె మరణించారు. న్యూయార్క్‌లో జరిగిన శవపరీక్షలో తేలినది ఎపిడ్యూరల్ రక్తస్రావమే.

ఈ మరణాలు ఇంతగా బాధించడానికి కారణముంది. తలలోని రక్తస్రావాలన్నింటిలో సకాలంలో అందితే పూర్తిగా నయమయ్యేది ఇదే. మెదడుకు సాధారణంగా పెద్ద దెబ్బ తగిలి ఉండదు. దానిని నొక్కుతున్న గడ్డను తీసివేస్తే చాలు. పుర్రెలో చిన్న కిటికీ కోసి, గడ్డను తొలగించి, చిరిగిన ధమనిని మూసివేస్తారు. గడ్డ 30 మిల్లీలీటర్లు దాటితే రోగి తెలివిగా ఉన్నా లేకున్నా ఆపరేషన్ చేయవలసిందేనని వైద్య నియమం. ఆ నెత్తురంతా పోస్తే చిన్న కాఫీ కప్పులో సగమైనా నిండదు. స్పృహలో ఉండగా శస్త్రచికిత్స జరిగినవారిలో మరణాలు దాదాపు శూన్యం. స్పృహ పూర్తిగా పోయిన తరువాత అదే శస్త్రచికిత్సను అదే వైద్యుడు చేసినా ఆ మాట చెప్పలేడు.

పుర్రెను తెరవకుండానే

లాంబాకు 36 ఏళ్ల ముందు మరొక భారత క్రికెటర్‌కు ఇటువంటి ఆపదే వచ్చింది. 1962 మార్చి 17న బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి జట్టు కెప్టెన్ నారీ కంట్రాక్టర్ తలకు, చెవి పైభాగాన తగిలి పుర్రె చిట్లింది. హైదరాబాదుకు చెందిన ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ అప్పుడు జట్టు మేనేజరు. లోపల ఎంత నెత్తురు చేరిందో, ఎక్కడ చేరిందో నేరుగా చూసే సాధనం ఆనాడు ప్రపంచంలో ఎక్కడా లేదు. కంటిపాపలు, నాడి, అవయవాల కదలిక గమనించి, ఊహ మీద పుర్రెకు రంధ్రం పెట్టవలసిందే. ఒకటికి రెండుసార్లు శస్త్రచికిత్స జరిగింది. రక్తం కావలసి వస్తే ప్రత్యర్థి జట్టు నాయకుడు ఫ్రాంక్ వారెల్ ముందుకు వచ్చి ఇచ్చారు; చందూ బోర్డే, బాపూ నాడ్‌కర్ణి, పాలీ ఉమ్రీగర్ కూడా ఇచ్చారు. రోజుల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్న కంట్రాక్టర్ చివరకు కళ్లు తెరిచారు. వారెల్ పేరిట బెంగాల్ క్రికెట్ సంఘం 1981 నుంచి ఏటా ఫిబ్రవరి 3న రక్తదాన శిబిరం నిర్వహిస్తోంది.

ఊహ మీద కోసే రోజులు 1971 అక్టోబరు 1న ముగియడం మొదలైంది. ఆనాడు లండన్ నగర శివార్లలోని ఒక ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన యంత్రం ఒక స్త్రీ తలను అడ్డుకోతలుగా చిత్రించింది. ఆయన పనిచేసిన ఇ.ఎం.ఐ. కంపెనీ గ్రామఫోను రికార్డులకు పేరుపడినది కావడం విశేషం. అదే సి.టి. స్కాన్. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ, ఎక్స్-కిరణాల గణితాన్ని ముందే లెక్కగట్టిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ బహుమతి లభించింది. సి.టి. చిత్రంలో తాజా నెత్తురు తెల్లగా మెరుస్తుంది. ఎముక కింద ఉబ్బిన కటకం ఆకారంలో ఉంటే ఎపిడ్యూరల్. మెదడు ఒంపును అనుసరించి నెలవంకలా పరుచుకుంటే వరాశిక కింది రక్తస్రావం. మెదడు అడుగున ముడతల్లోకి చుక్కల చుక్కలుగా పాకితే లౌతికళ కిందిది. నిమిషాలలో తేలిపోతుంది.

స్కాన్ లేని చోట కూడా పనికివచ్చే కొలమానం ఒకటుంది. గ్లాస్గో నగర వైద్యులు గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ 1974లో ప్రకటించినది. కళ్లు తెరవడం, మాట్లాడడం, కాలుసేతులు కదల్చడం, ఈ మూడింటికీ మార్కులు వేస్తారు. పూర్తి తెలివికి 15, అత్యల్పం 3. గంట కిందట 15 ఉన్నవాడు ఇప్పుడు 13కు దిగాడంటే, ఆ రెండు మార్కుల తేడా ఎంతటి యంత్రానికీ తీసిపోని హెచ్చరిక.

నెలవంక

వరాశిక కింద కారే నెత్తురు సాధారణంగా సిరలది. మెదడు ఉపరితలం నుంచి వరాశిక వైపు వంతెనల్లా సాగే సన్నని సిరలు తల ఒక్కసారిగా కుదుపుకు లోనైనప్పుడు తెగుతాయి. అంత పెద్ద కుదుపులో మెదడు కూడా కమిలిపోతుంది గనుక ఇది ఎపిడ్యూరల్ కంటే ప్రాణాంతకం. 1981లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశీలనలో స్పృహ లేని 82 మంది రోగులను చూశారు. దెబ్బ తగిలిన నాలుగు గంటలలోపు ఆపరేషన్ జరిగినవారిలో 30 శాతం, ఆలస్యమైనవారిలో 90 శాతం మరణించారు. తరువాతి పరిశీలనల్లో అంత తేడా కనబడకపోయినా, ఆలస్యాన్ని సమర్థించిన పరిశీలన ఒక్కటీ లేదు.

దీనికే ఒక నిదానపు రూపముంది. దానిని గుర్తించడంలో మన ఇళ్లలో జరిగినంత పొరపాటు మరెక్కడా జరగదేమో. వయసుతోపాటు మెదడు కొద్దిగా కుంచించుకుపోతుంది. పుర్రెకూ మెదడుకూ మధ్య సందు పెరిగి, వంతెన సిరలు బిగదీసిన దారాల్లా ఉంటాయి. తాతగారు గుమ్మం తట్టుకొని తూలారు. స్నానాలగదిలో గోడకు తల తగిలింది. బొప్పి కూడా కట్టలేదు. ఆ సంగతి ఆయనా మరచిపోయారు, ఇంటివారూ మరచిపోయారు. లోపల ఒక సిర నుంచి బొట్టు బొట్టుగా కారింది. శరీరం ఆ నెత్తురు చుట్టూ పొర అల్లుకుంది. ఆ పొరలో పుట్టిన పెళుసు రక్తనాళాలు మళ్లీ కారాయి. ఇలా మూడు వారాలు, ఆరు వారాలు గడుస్తాయి. కుంచించుకుపోయిన మెదడు పక్కన చోటుంది కాబట్టి పాపం పెద్దాయన ఎంతో నెత్తురును మోస్తూ తిరుగుతారు.

అప్పుడు ఒక కాలు ఈడుస్తారు. చెంచా జారవిడుస్తారు. మనుమడి పేరు తడబడతారు. పగలంతా కునుకుతారు. ఇంటివారు వయసు మీద పడిందంటారు, మతిమరుపు జబ్బంటారు, కొందరు పక్షవాతమని నాటుమందు పట్టిస్తారు. నిజానికి ముసలితనపు మతిమరుపులలో ఒక చిన్న చికిత్సతో మాయమయ్యే అతి కొద్ది రకాల్లో ఇది ఒకటి. పుర్రెకు ఒకటి రెండు రంధ్రాలు పెడితే ఇంజను నూనెలాంటి నల్లని ద్రవం బయటికి వస్తుంది. చాలాసార్లు ఆ చోట మాత్రమే మత్తిచ్చి ఈ పని చేయవచ్చు. ఆపరేషన్ బల్ల మీదనే చేతికి పట్టు తిరిగివచ్చిన సందర్భాలను శస్త్రవైద్యులు ఎరుగుదురు.

ఈ గడ్డ తిరిగి చేరడం ఒక చిక్కు. రంధ్రంలో సన్నని గొట్టం రెండు రోజులు ఉంచితే అలా జరగడం 24 శాతం నుంచి 9 శాతానికి తగ్గుతుందని 2009లో కేంబ్రిడ్జి వైద్యులు చూపారు. తొడలోనో మణికట్టులోనో ధమని ద్వారా సన్నని గొట్టం పంపి, వరాశికకు రక్తమిచ్చే ధమనిని లోపలి నుంచే మూసివేసే పద్ధతి ఇటీవలిది. 2024లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, శస్త్రచికిత్సకు దీనిని జోడించినవారిలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు 4 శాతం. జోడించనివారిలో 11 శాతం. గుండెజబ్బు కోసం నెత్తురు పలుచన చేసే మాత్రలు వాడే వృద్ధులు పెరిగినకొద్దీ ఈ రోగమూ పెరుగుతోంది. అలాగని వైద్యుని అడగకుండా ఆ మాత్రలు మానుకోవడం ఇంకో ప్రమాదం.

దెబ్బ లేకుండానే

1945 ఏప్రిల్ 12 మధ్యాహ్నం. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ జార్జియా రాష్ట్రంలోని తన విడిదిలో కూర్చొని చిత్తరువు గీయించుకుంటున్నారు. హఠాత్తుగా తల వెనుక విపరీతమైన నొప్పి అని ఒరిగిపోయారు. వైద్యుడు హోవర్డ్ బ్రూయెన్ వచ్చి చూడగా రక్తపోటు 300 దాటింది. కింది అంకె 190. కొన్ని గంటలలో ఆయన మరణించారు. అంతకు ఏడాది ముందే, 1944 మార్చిలో, బ్రూయెన్ ఆయనకు 186/108 రక్తపోటు ఉన్నట్లు గుర్తించాడు. అప్పటికి ప్రపంచంలోని అత్యంత శక్తిమంతుడికి ఇవ్వగలిగిన చికిత్స విశ్రాంతి, ఉప్పు తగ్గించడం, గుండెకు డిజిటాలిస్. రక్తపోటును నిజంగా అదుపుచేసే చవక మాత్రలు 1950 దశకం చివరలో కాని రాలేదు. ఈనాడు ఊరి ఆరోగ్య కేంద్రంలో దొరికే మాత్ర రూజ్‌వెల్ట్‌కు దొరకలేదు.

రక్తపోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మెదడు లోతుల్లోని సన్నని ధమనుల గోడలు శిథిలమవుతాయి. ఒకనాడు ఒకటి పగులుతుంది. నెత్తురు మెదడు కండను చీల్చుకుంటూ పోతుంది. ఒక పక్క చేయీ కాలూ పడిపోవడం, మూతి వంకరపోవడం, మాట పడిపోవడం, వాంతి, స్పృహ తప్పడం దీని లక్షణాలు. పక్షవాతాలలో ఎక్కువ భాగం ధమని మూసుకుపోవడం వల్ల వచ్చేవి. వాటికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. అదే ఇంజెక్షన్ నెత్తురు కారుతున్నవారికి ఇస్తే చేతులారా చంపినట్లే. పైకి చూసి ఈ రెండింటినీ వేరుచేయడం ఎంతటి ధన్వంతరికీ సాధ్యం కాదు. అందుకే మొదటి మాత్రకు ముందు స్కాన్.

గడ్డ కనబడింది కదా, తీసివేయరాదా అని ఎవరైనా అడుగుతారు. శస్త్రవైద్యులూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 27 దేశాలలో 1,033 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. తొందరపడి ఆపరేషన్ చేసినవారికీ, మందులతో కనిపెట్టి చూసినవారికీ మొత్తం మీద తేడా కనబడలేదు. లోతున ఉన్న గడ్డను చేరడానికి బాగున్న మెదడును చీల్చవలసి రావడమే చిక్కు. 2024లో అమెరికాలో వెలువడిన మరొక పరీక్ష ఈ కథను కొంత మార్చింది: మెదడు పైభాగంలోని గడ్డను 24 గంటలలోపు సన్నని గొట్టం ద్వారా తీసినవారు మెరుగ్గా కోలుకున్నారు. అనుమస్తిష్కంలో కారిన నెత్తురు సంగతి మొదటినుంచీ వేరు. అక్కడ చోటు ఇరుకు, పక్కనే మెదడు కాండం. గడ్డ మూడు సెంటీమీటర్లు దాటితే వెంటనే తీయవలసిందే. నెత్తురు మెదడు కుహరాలలోకి చేరి నీటి దారిని మూసివేస్తే, ఆ నీటిని బయటికి తోడే గొట్టం అమరుస్తారు.

మిగిలినవారికి ప్రాణం నిలబెట్టేది నర్సుల పని. రక్తపోటును గంటలోపు 140కి దించడం, చక్కెరను, జ్వరాన్ని అదుపులో ఉంచడం, నెత్తురు పలుచన చేసే మందు ప్రభావాన్ని విరిచివేయడం. భారతదేశం, పాకిస్తాన్, శ్రీలంకలతో సహా పది దేశాలలో 7,036 మందిపై ఈ నాలుగు పనులనూ కలిపి చేసి చూశారు. మామూలు చికిత్స పొందినవారికంటే వారు మెరుగ్గా కోలుకున్నారని 2023లో ప్రకటించారు. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు.

పిడుగు పడినట్లు

లౌతికళ కింద నెత్తురు దెబ్బ వల్లా కారవచ్చు. దెబ్బ లేకుండా కారితే మాత్రం నూటికి 85 వంతులు మెదడు అడుగున ధమని చీలే చోట పుట్టిన చిన్న ఉబ్బు పగిలి ఉంటుంది. సైకిలు ట్యూబు పలుచనైన చోట బుడగ కట్టినట్లుండే ఈ ఉబ్బును ఎన్యూరిజమ్ అంటారు. పగిలిన క్షణాన తల మీద పిడుగు పడినట్లుంటుంది. పుట్టి బుద్ధెరిగాక అటువంటి తలనొప్పి ఎరుగనని రోగి చెబుతాడు. నొప్పి నిమిషం తిరక్కుండా శిఖరానికి చేరుతుంది. తరువాత మెడ బిగుసుకుంటుంది. పార్శ్వపు నొప్పిగానో, ఎండదెబ్బగానో భావించి మాత్ర వేసుకొని పడుకున్నవారిలో కొందరికి రెండవసారి పగులుతుంది. ఆ రెండవది మొదటిదానికంటే క్రూరం. ఆరు గంటలలోపు తీసిన మంచి సి.టి. స్కాన్ దీనిని దాదాపు తప్పిపోనివ్వదు. ఆలస్యమైతే వెన్నులోని నీరు తీసి, పసుపు రంగు తేలిందేమో చూస్తారు.

1937 మార్చి 23న అమెరికన్ వైద్యుడు వాల్టర్ డాండీ తొలిసారిగా ఇటువంటి ఉబ్బు మెడకు వెండి క్లిప్పు బిగించి మూశాడు. ఇటలీ వైద్యుడు గ్విడో గుగ్లియెల్మి 1990లో పుర్రె జోలికే పోకుండా, తొడ ధమని గుండా ప్లాటినం తీగ పంపి ఉబ్బును లోపలి నుంచి చుట్టలతో నింపాడు. రెండు పద్ధతులకూ పనికివచ్చే రోగులలో తీగ పద్ధతి ఏడాది తరువాత మెరుగైన ఫలితమిచ్చిందని 2002లో తేలింది. అయితే ఉబ్బు మూసినంతమాత్రాన గండం గడిచినట్లు కాదు. నాలుగవ రోజు నుంచి రెండు వారాల వరకు, కారిన నెత్తురు తగిలిన ధమనులు ముడుచుకుపోయి మెదడుకు రక్తం అందకపోవచ్చు. అందుకే నిమోడిపిన్ మాత్రలు 21 రోజులు వేస్తారు; మాటలాడుతూ తిరుగుతున్న రోగిని సైతం ఇంటికి పంపరు.

చేయదగినది, చేయరానిది

తలకు దెబ్బ తగిలి మెదడు వాచినవారికి దశాబ్దాల పాటు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. వాపు తగ్గుతుందని అందరికీ నమ్మకం. 2004లో 10,008 మందిపై జరిగిన పరీక్షలో ఆ మందు పుచ్చుకున్నవారే ఎక్కువమంది చనిపోయారు. అదే బృందం 2019లో ట్రానెగ్జామిక్ ఆమ్లాన్ని పరీక్షించింది. జపాన్ శాస్త్రవేత్తలు ఉతాకో ఒకమోటో, షొసుకె ఒకమోటో దంపతులు కనిపెట్టిన చవక మందు ఇది. దెబ్బ మరీ తీవ్రం కానివారికి మూడు గంటలలోపు ఇస్తే మరణాలు తగ్గాయి. ఆలస్యంగా ఇచ్చినప్పుడు ఆ మేలు కనబడలేదు.

ఇంటివారు చేయగలిగినది కొంచెమే, కాని ఆ కొంచెమూ విలువైనది. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు, పాలు, సోడా పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. తలనొప్పికి ఆస్పిరిన్ ఇవ్వరాదు. అది నెత్తురు గడ్డకట్టనివ్వదు. మెడ కదలకుండా పట్టుకొని పక్కకు తిప్పాలి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, మాట పొంతన లేకున్నా, మూర్ఛ వచ్చినా, ముక్కు చెవుల నుంచి నీరు కారినా, ఒక కంటిపాప పెద్దదైనా ఇక ఆలోచన అనవసరం. దగ్గరలో ఉన్న ఆసుపత్రికంటే స్కానూ, న్యూరోసర్జనూ ఉన్న ఆసుపత్రి ముఖ్యం. మొదటిదానికి వెళ్లి, అక్కడి నుంచి రెండవదానికి బయలుదేరేలోపే మంచి కాలం గడిచిపోవచ్చు.

1949లో జేకబ్ చాందీ వెల్లూరులో ప్రారంభించేదాకా దేశంలో న్యూరోసర్జరీ విభాగమే లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సులు బయలుదేరాయి. తరువాత అనేక రాష్ట్రాలు ఆ పద్ధతిని అనుసరించాయి. ప్రమాదంలో పడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించగా, 2019లో అది మోటారు వాహనాల చట్టంలోనూ చేరింది. హెల్మెట్ నిబంధన 1988 నాటి చట్టంలోనే ఉంది. అయినా 2022లో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 50,029 మంది హెల్మెట్ లేని ద్విచక్రవాహనదారులు, వారి వెనుక కూర్చున్నవారు.

మెదడు మరీ వాచినప్పుడు శస్త్రవైద్యులు తీసిన ఎముక ముక్కను వెంటనే తిరిగి అమర్చరు. మెదడుకు చోటిచ్చి, ఆ ముక్కను శీతల పేటికలోనో, రోగి పొట్ట చర్మం కిందనో భద్రపరుస్తారు. వాపు తీసిన తరువాత, వారాలకో నెలలకో, దానిని యథాస్థానంలో బిగిస్తారు. ఎముక పనికిరాకుంటే లోహపు రేకు అమరుస్తారు. నారీ కంట్రాక్టర్ తలలోనూ అటువంటి రేకే అమర్చారు. ఆయన మళ్లీ టెస్టు ఆడలేదు. కెప్టెన్ పదవి 21 ఏళ్ల పటౌడీకి వెళ్లింది. కాని బ్యాటు పట్టుకొని మైదానంలోకి తిరిగివచ్చారు, ఏళ్ల తరబడి దేశవాళీ పోటీలు ఆడారు. రేకు మీది చర్మం పలుచబడిపోవడంతో 2022 ఏప్రిల్‌లో ముంబయి వైద్యులు దానిని తీసివేశారు. బార్బడోస్‌లో ఆ బంతి తగిలి అప్పటికి 60 ఏళ్లు గడిచాయి. కంట్రాక్టర్‌కు 88 ఏళ్లు.